సామ్రాట్టు గారి జుట్టు

ఆడపడుచు అప్పగించి వెళ్ళినవి మూడు: ఒక కుక్క, ఒక దువ్వెనల పెట్టె, నాలుగు పేజీల కాగితం. మూడింట్లోకీ ఎక్కువ మొరిగేది కాగితమే.

"రోజూ రెండు పూటలా దువ్వాలి. నెత్తిమీది పిలక పొద్దున్నే విప్పి మళ్ళీ కట్టాలి. తిన్నాక మూతి, గడ్డం తుడవాలి. కళ్ళకింద తడి చేరనివ్వకూడదు. పొట్టి ముక్కు కాబట్టి ఎండలో తిప్పకూడదు. పొద్దున ఎనిమిదింటికి ఫోటో తీసి పంపాలి." ఇలా సాగి సాగి, చివర ఎర్ర సిరాతో ఒక్క వాక్యం. "జుట్టు నేల తాకుతూ ఇస్తున్నాను. నేల తాకుతూనే తిరిగి తీసుకుంటాను."

బుల్లి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పెళ్ళైన కొత్తలో తనని అప్పగించేటప్పుడు కూడా పుట్టింటివాళ్ళు ఇలాంటిదొకటి రాసిచ్చి ఉంటే బాగుండేదనుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా అంతా నోటిమాట మీదే నడుస్తోంది మరి.

బుల్లి అన్నది పుట్టింటి ముద్దుపేరు. నలభై ఏడేళ్ళొచ్చినా అది ఆమెను వదల్లేదు. డిగ్రీ పట్టా మీది పేరు అందరూ మర్చిపోయారు. అప్పుడప్పుడు గ్యాస్ కాగితాల మీద కనిపిస్తే ఎవరీవిడ అని ఆమెకే అనిపిస్తుంది.

కుక్క పేరు మాత్రం ఎవరూ మర్చిపోయే రకం కాదు. సామ్రాట్. షిట్జూ జాతి. దాన్ని అప్పగించిన వదినగారికి మూడు బ్యూటీ పార్లర్లున్నాయి. వాటిలో పెద్దదాంట్లో అద్దాల వెనక, ఎర్ర మఖమల్ దిండు మీద కూర్చోవడం దాని ఉద్యోగం. నడినెత్తిన పిలక, రెండు పక్కలా నేలదాకా జారే తెల్లటి జుట్టు. బోర్డు మీది రాతలు నమ్మని ఆడవాళ్ళు కూడా దాన్ని చూసి, 'కుక్కకే ఇలా ఉంటే మనకెలా ఉంటుందో' అని లోపలికి వచ్చేవారు. వదినగారు ఏదో కొత్త కోర్సు నేర్చుకోవడానికి నాలుగు నెలలు పైదేశం వెళ్తోంది. తిరిగి రాగానే నాలుగో పార్లరు తెరుస్తుంది. అక్కడ రిబ్బను కత్తిరించేది ఆవిడే అయినా ఫోటోలో ముందుండేది సామ్రాట్టే. అందుకని జుట్టు ఒక్క అంగుళం కూడా తగ్గడానికి వీల్లేదు.

"నువ్వు చూసుకోగలవా?" అంది వదినగారు గుమ్మంలో నిలబడి.

బుల్లి నోరు తెరిచేలోగా ఆమె మొగుడు అందుకున్నాడు. "నేనున్నాగా అక్కా."

ఆయన కాలేజీలో హిస్టరీ లెక్చరర్. ఇంట్లోనూ అంతే. కుక్క వచ్చిన రెండో రోజుకల్లా దాని చరిత్ర మొత్తం చదివేశాడు. మూడో రోజు నుంచి లిఫ్టు ఎక్కినవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. లిఫ్టులో అయితే ఎవరూ మధ్యలో లేచి వెళ్ళిపోలేరు. ఆ సౌకర్యం క్లాసురూములో లేదు.

"షిట్జూ అంటే సింహం అని అర్థమండీ," అన్నాడు కింది అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుతో. "టిబెట్ లామాలు చైనా చక్రవర్తులకు కానుకగా పంపిన జాతి అంటారు. రాణివాసంలో పట్టు దిండ్ల మీద పెరిగాయి. తర్వాత కాలం తిరగబడి, జాతి మొత్తం మట్టిలో కలిసిపోయే స్థితి వచ్చింది. మిగిలినవి పద్నాలుగే పద్నాలుగట. ఇవాళ లోకంలో ఉన్న షిట్జూలన్నీ ఆ పద్నాలుగింటి సంతానమే."

"కరుస్తుందా?" అన్నాడు ఇంజనీరు.

"రాజప్రాసాదాల కుక్కండీ ఇది!"

"అదే, కరుస్తుందా అని."

కరవలేదు. అది ఎవర్నీ కరవలేదు, ఎవరిమీదా మొరగలేదు. కొరియరు అబ్బాయిని, కరెంటు మీటరు చూసేవాడిని, తలుపు తప్పి వచ్చినవాడిని, అందరినీ పెళ్ళివారిలా ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చేది. దొంగొస్తే టార్చిలైటు పట్టుకునే రకం. మొండితనం మాత్రం రాజులదే. ఒంటికి వెళ్ళమని బాల్కనీలో పేపరు పరిస్తే, దాన్ని వాసన చూసి, సంపాదకీయానికి మర్యాద ఇస్తున్నట్టు పక్కకు జరిగి, గచ్చు మీద కానిచ్చేది.

"వేటాడదు, కాపలా కాయదు, మంద తోలదు," అన్నాడు లెక్చరర్ గర్వంగా. "మనిషి పక్కన కూర్చోవడానికే తయారైన జాతి."

"అలాంటి మగాళ్ళని చూశాను గానీ కుక్కని చూడ్డం ఇదే," అంది బుల్లి గచ్చు తుడుస్తూ.

మొదటి నెలంతా ఆమె కేలండరులో రోజులు కొట్టేస్తూ వచ్చింది. ఎప్పుడు పోతుందా ఈ గోల అని. ఆ గోల మాత్రం ఆమెను వదిలేది కాదు. వంటగట్టు దగ్గర నిలబడితే ఎడమ పాదం మీద వెచ్చగా వచ్చి కూర్చునేది. ఆమె కుడిపక్కకు జరిగితే అదీ లేచి జరిగి, మళ్ళీ ఎడమ పాదమే వెతుక్కునేది. స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చునేది. తలుపు తీసేసరికి, ఆమె ఏ ఖండాంతరం నుంచో ఓడ దిగినట్టు ఒళ్ళంతా ఊపేది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో బాత్‌రూము బయట ఎవరైనా నిలబడ్డారంటే అది 'ఇంకెంతసేపు?' అనడానికే.

రెండో నెలలో కేలండరు దగ్గర పెన్ను కనబడకుండా పోయింది. ఆమె వెతకలేదు. సామ్రాట్ అని పిలవడం మానేసి చంటాడని పిలవడం మొదలుపెట్టింది. మూడో నెలలో కేలండరు మేకుకే తువ్వాలు కూడా వేలాడేసింది. తేదీలు కనబడకపోతే వదినగారు రాదన్నట్టు.

ఇక జుట్టు సంగతి. దువ్వే అధికారం లెక్చరర్ తన చేతుల్లోనే పెట్టుకున్నాడు. "నీకు సున్నితం తెలీదోయ్. నువ్వు మూతి తుడువు, చాలు," అన్నాడు. మూతి తుడవడం, కళ్ళు తుడవడం, కాళ్ళు కడగడం, గచ్చు కడగడం అనే సున్నితం లేని పనులన్నీ బుల్లికి వచ్చాయి.

ఆయన ఏ ధైర్యంతో ఆ అధికారం తీసుకున్నాడో ఆమెకు తెలుసు. ఆయన నడినెత్తి బట్టతల అయి పదిహేనేళ్ళయింది. ఎడమ చెవి పైన మిగిలిన నాలుగు పోగుల్ని పెంచి, తడి చేసి, కుడి చెవిదాకా సాగదీసి పడుకోబెడతాడు. కింద ఏముందో లోకానికి తెలియకుండా పైపైన దువ్వడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. అదే విద్యను కుక్క మీద ప్రయోగించాడు. పొద్దున్నే దాన్ని బల్ల మీద నిలబెట్టి, వీపు మీద పాపిడి తీసి, పై పొర రెండు పక్కలా జలపాతంలా దించేవాడు. ఎనిమిదింటికి ఫోటో. ఎనిమిది దాటి రెండు నిమిషాలకి వదినగారి నుంచి పైకెత్తిన బొటనవేలు బొమ్మ. ఇంటికి మార్కులొచ్చినట్టే.

"ఏమండీ, దీని చంకల్లో ఉండలు కడుతున్నాయి," అంది బుల్లి ఒకరోజు.

"దువ్వుతున్నానుగా."

"పైన దువ్వుతున్నారు. కిందంతా చిక్కు."

"ఫోటోలో ఏమైనా కనబడుతోందా?"

"ఫోటోకి చంకలుండవు కదండీ."

మధ్యాహ్నాలు ఆయన కాలేజీకి వెళ్ళాక ఆమె కుక్కను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, వేళ్ళతో, దువ్వెనతో ఒక్కో చిక్కూ విడదీసేది. మూడు విప్పితే మర్నాటికి అయిదు తయారు. ఒకరోజు ఆయన తొందరగా వచ్చి, ఆమె చేతిలో దువ్వెన, దువ్వెనలో నాలుగు తెల్ల వెంట్రుకలు చూశాడు. ఇంట్లో ఖూనీ జరిగినంత గొడవ చేశాడు. "జుట్టు పీకుతున్నావా! అక్క లెక్కపెట్టి ఇచ్చింది!" దువ్వెనల పెట్టె ఆయన బీరువాలోకి వెళ్ళి తాళం పడింది.

చివరికి వదినగారి కబురు వచ్చింది. ఎల్లుండి పొద్దున దిగుతుంది. తిన్నగా ఇంటికే వచ్చి సామ్రాట్‌ను తీసుకుని, అటునుంచి అటే కొత్త పార్లరుకి.

లెక్చరర్ కాలేజీకి సెలవు పెట్టాడు. మొగుడు ఇంటిపని కోసం సెలవు పెట్టడం బుల్లి పెళ్ళయ్యాక అదే మొదటిసారి. పెద్ద టబ్బులో వేణ్ణీళ్ళు తోడాడు. వదినగారి పార్లరు షాంపూ సీసా సగం ఒంపాడు.

"ముందు చిక్కు తియ్యాలేమోనండి, తడిపితే బిగుస్తుంది," అంది బుల్లి.

"నీళ్ళు తగిలితే చిక్కు వదులుతుంది. సైన్సు."

"మీది హిస్టరీ కదండీ."

ఆయన వినిపించుకోలేదు. రుద్దాడు. బట్టలు ఉతికినట్టు రెండు చేతులతో పైకీ కిందకీ రుద్దాడు. తువ్వాలుతో మళ్ళీ రుద్దాడు. డ్రయ్యరు పెట్టి గంటసేపు వేడిగాలి కొట్టాడు. వేడినీళ్ళలో ఉతికిన ఉన్ని శాలువా ఏమవుతుందో ఇల్లాళ్ళకి తెలుసు. లెక్చరర్లకి ఆ పాఠం సిలబస్‌లో లేదు. డ్రయ్యరు ఆగేసరికి టబ్బు పక్కన నిలబడి ఉన్నది జుట్టున్న కుక్క కాదు. కంబళి చుట్టిన చెక్కపెట్టె. దువ్వెన దింపితే దిగలేదు, దిగిన చోట బయటికి రాలేదు. చంటాడు ముందుకాలు ఎత్తబోయి కుయ్యిమంది. రెండో కాలు ఎత్తబోయి మానేసింది. బుల్లి వంటింట్లోకి నడిస్తే, వెంట రాకుండా ఉన్నచోటే నిలబడి చూసింది.

మూడు నెలల ఇరవై ఎనిమిది రోజుల్లో అది ఆమె వెంట రాకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ దాన్ని ఎత్తుకుని రెండు వీధుల అవతలున్న కుక్కల క్షవరశాలకి వెళ్ళారు. షాపాయన బక్కపల్చటి మనిషి, ఏప్రన్ నిండా నానా జాతుల వెంట్రుకలు. మాటలు మాత్రం కత్తెరలాగే పొట్టి. కుక్కను బల్ల మీద పెట్టి, పొట్టకింద వేళ్ళు దూర్చి, తల ఊపాడు.

"ఎవరు దువ్వారమ్మా?"

బుల్లి మొగుడి వంక చూసింది. లెక్చరర్ గోడమీది పటంలోని కుక్కజాతులను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"ఇది జుట్టు కాదు. దుప్పటి. తియ్యాలి."

"తియ్యడమా!" లెక్చరర్ పటం వదిలేశాడు. "దువ్వి విడదియ్యలేరా? ఎంతసేపైనా ఫర్వాలేదు."

"విడదియ్యొచ్చు. మూడు పూటలు పడుతుంది. లాగిన చోటల్లా అది అరుస్తుంది. కొన్నిచోట్ల తోలు కూడా లేస్తుంది." షాపాయన ఆయన నెత్తి వంక ఒక్క క్షణం చూశాడు. "మీకైతే చేయించుకుంటారా సార్?"

లెక్చరర్ చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళింది. "అది కాదోయ్ బుల్లీ, అక్కని ఒక మాట అడిగితే..."

"ఆవిడ విమానంలో ఉంది."

"పోనీ ఇవాళ సగం దువ్వించి, రేపు సగం..."

"రేపు పొద్దున్నే దిగుతుంది."

బుల్లి చంటాడి ముందుకాలు మెల్లగా ఎత్తి చంకలోకి చూసింది. ఉండ కట్టిన జుట్టు పక్కన చర్మం ఎర్రగా కమిలి, చెమ్మగా ఉంది. కాలు ఇంకాస్త ఎత్తగానే అది ఆమె మణికట్టు నాకింది. నొప్పెడుతోందని చెప్పడం కూడా మర్యాదగానే.

ఆమెకు లెక్క తెలుసు. ఎలాగోలా పీకి దువ్వించి, రేపటికి పైపైన జలపాతం దించి అప్పగిస్తే, వదినగారు మెచ్చుకుంటుంది. మళ్ళీ ఊరెళ్ళినప్పుడు వాణ్ణి తన దగ్గరే వదులుతుంది. ఇప్పుడు గొరిగిస్తే, రేపు వాణ్ణి తీసుకుపోవడమే కాదు, ఈ జన్మలో మళ్ళీ ఈ గడప తొక్కనివ్వదు. అంటే కుక్కను చూసుకోవాలంటే పోగొట్టుకోవాలి, ఉంచుకోవాలంటే పీకించాలి.

"తీసెయ్యండి," అంది.

"బుల్లీ!"

"మొత్తం తీసెయ్యండి."

మిషను గుర్రుమంది. లెక్చరర్ బయటికెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు. జుట్టు ముక్కలుగా రాలలేదు. మెడ దగ్గర మొదలై, విప్పిన కోటులా మొత్తం ఒకే పొరగా ఊడి బల్ల అంచున వేలాడింది. దాని కిందినుంచి సగానికి సగం సైజులో, గులాబీరంగు పొట్టతో, చెవులే ఒళ్ళంతా అన్నట్టు ఒక జీవి బయటికి వచ్చింది. ఒక్క దులుపు దులుపుకుంది. తర్వాత బల్ల మీంచి దింపగానే షాపు ఈ చివరనుంచి ఆ చివరికి పిచ్చెక్కినట్టు పరుగులు తీసింది. వేగం తట్టుకోలేక మలుపు దగ్గర జారింది, లేచి మళ్ళీ పరిగెత్తింది.

"దీని వయసెంత?" అన్నాడు షాపాయన.

"నాలుగేళ్ళు."

"పరిగెత్తడం ఇదే మొదటిసారి అనుకుంటా."

మర్నాడు పొద్దున వదినగారు సూట్‌కేసు గుమ్మంలో వదిలి, చేతులు చాచుకుంటూ లోపలికొచ్చింది. చంటాడు యథాప్రకారం పెళ్ళివారిలా ఎదురెళ్ళింది. వదినగారు దాన్ని దాటుకుని హాల్లోకి వచ్చి అటూ ఇటూ చూసింది.

"సామ్రాట్ ఏడీ? ఇదెవరి కుక్క?"

"మీదే వదినగారూ," అంది బుల్లి.

ఆ తర్వాత హాల్లో కాసేపు ఎవరూ ఊపిరి తియ్యలేదు, కుక్క తప్ప. దానికి ఊపిరి తియ్యడం ఇప్పుడు తేలిక.

వదినగారు సోఫాలో కూలబడింది. "ఒరేయ్ తమ్ముడూ! మొన్న పొద్దుటిదాకా ఫోటోలు పంపావు కదరా!"

లెక్చరర్ గొంతు సవరించుకున్నాడు. బుల్లి వంక చూడలేదు. "నేను చెప్తూనే ఉన్నానక్కా. కింద చిక్కు పడుతోంది, చూసుకో, చూసుకో అని. ఇంట్లో ఉండేది తనే కదా మరి."

"పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందని ఊరికే అన్నారా!" వదినగారు లేచి నిలబడింది. "నాలుగేళ్ళే బుల్లీ! నాలుగేళ్ళు పెంచాను ఆ జుట్టు! మనిషివేనా నువ్వు? దువ్వెన పట్టుకోవడం కూడా రాదా?"

బుల్లి మొగుడి వైపు తిరిగింది. ఆయన కళ్ళు కేలండరు మీద వేలాడుతున్న తువ్వాలు మీద ఉన్నాయి. చెమటకి ఆయన నాలుగు పోగుల్లో ఒకటి చెవి దగ్గర లేచి నిలబడింది. బీరువా తాళం గురించి, టబ్బు గురించి, సైన్సు గురించి ఆమె నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ ఆయనకూ వినిపిస్తున్నాయి. ఒక్క మాట చాలు. అక్క ఆయన్ని అక్కడికక్కడే గొరుగుతుంది.

"అవును వదినగారూ," అంది బుల్లి. "నా చేతులంతే."

లెక్చరర్ తలెత్తి చూశాడు. ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో అప్పిచ్చినవాళ్ళ ఓపిక ఉంది.

వదినగారు వంగి కుక్కను ఎత్తుకుంది. ఎత్తిన చెయ్యి అనుకున్నదానికంటే పైకి వెళ్ళిపోయింది. "ఇంతేనా ఇది?" అంది గొంతు తగ్గించి. "మిగతాదంతా జుట్టేనా?" దాని మొహంలోకి చూసింది. "కళ్ళు ఇంత పెద్దవా దీనికి?" చంటాడు ఆవిడ గడ్డం నాకింది. ఆవిడ ఒక నిమిషం అలాగే నాకించుకుంది. తర్వాత తేరుకుని, "కళ్ళు చూసి ఎవరొస్తారు పార్లరుకి!" అని కిందికి దించేసింది.

ఫోన్లు మొదలయ్యాయి. ఎవరికో ఆర్డరు, ఎవరి మీదో కేకలు. మధ్యాహ్నానికల్లా ఇంకో షిట్జూ దొరికింది. పెద్ద ఇంటిది, పెద్ద జుట్టుది. రిబ్బను ముహూర్తానికి అద్దాల వెనక కూర్చోబెట్టడానికి.

"మరి వీడు?" అంది బుల్లి, గిన్నె సర్దుతూ. గిన్నె మీంచి చూపు ఎత్తలేదు.

"బోడిగుండుతో నా షాపులో కూర్చోబెట్టమంటావా? జనం నవ్విపోరూ!" వదినగారు సూట్‌కేసు పట్టుకుంది. "ఇక్కడే ఉండనీ. జుట్టు నేల తాకాక పంపించు. పాడుచేసింది నువ్వు, పెంచాల్సిందీ నువ్వే. ఎన్నాళ్ళు పడుతుందిరా?"

"రెండేళ్ళు పట్టొచ్చు," అన్నాడు లెక్చరర్ నేల చూస్తూ.

"రెండేళ్ళు! విన్నావా బుల్లీ? నీకిదే శిక్ష."

"అలాగే వదినగారూ," అంది బుల్లి, శిక్ష పడినవాళ్ళు ఎలా ఉంటారో గుర్తుతెచ్చుకుని మొహం అలా పెడుతూ.

ఆరు వారాలు గడిచాయి. జుట్టు రెండు వేళ్ళ మందం పెరిగింది. వదినగారు వారానికోసారి ఫోన్ చేసి "పెరుగుతోందా?" అంటుంది. "పెరుగుతోందండి," అంటుంది బుల్లి. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక ఆమె చంటాడికి తాడు తగిలించింది. లెక్చరర్ పేపరు మీంచి చూశాడు.

"ఎక్కడికి?"

"జుట్టు పెరిగిందండి."

"పెరగాల్సిందే కదా. అక్క అడుగుతోంది."

"అందుకే వెళ్తున్నాను."

ఆయన పేపరు మడిచాడు. ఏదో అనబోయాడు. బుల్లి తొందర పెట్టలేదు, తాడు పట్టుకుని నిలబడి ఎదురుచూసింది. ఆయన నోరు మూసుకుని చెప్పులు వెతుక్కున్నాడు. "ఆగు, నేనూ వస్తాను. రోడ్డు ఇంకా వేడిగా ఉంటుంది, ఎత్తుకుందాం వాణ్ణి," అన్నాడు.

వీధి చివరిదాకా ఆయనే ఎత్తుకున్నాడు. దారిలో ఎదురైన ఇంజనీరుకి చరిత్ర చెప్పలేదు. కుక్క ఆయన చొక్కా జేబులో మూతి పెట్టి నిద్రపోయింది.

షాపాయన బల్ల తుడిచి, మిషను తీశాడు. "ఎంత ఉంచమంటారమ్మా?"

బుల్లి చూపుడువేలు, బొటనవేలు మధ్య కొంచెం సందు పెట్టి చూపించింది. లెక్చరర్ ఆ సందును పరీక్షగా చూశాడు. అటూ ఇటూ ఎవరూ లేరని నిర్ధారించుకుని, చెయ్యి చాచి, ఆమె వేళ్ళను ఇంకాస్త దగ్గరికి నొక్కాడు.